జబ్బే రాని కోడి మీద పీహెచ్‌డీ ఎందుకు? ఎలుకలు చాలవా?

"మాది పలమనేరు దగ్గర పల్లె. నాన్న బ్రాయిలర్ షెడ్లు నడుపుతారు. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి బెంగళూరులో ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. సాల్మొనెల్లా సోకిన కోళ్లలో ఇమ్యూన్ రెస్పాన్స్ మీద పీహెచ్‌డీ సీటు వచ్చేలా ఉంది. 'కోళ్లు మేత తింటున్నాయి, బరువు వస్తున్నాయి, జబ్బే లేని కోడి మీద అయిదేళ్లు ఏం చదువుతావమ్మా?' అంటున్నారు నాన్న. ఫ్రెండ్సేమో ఎలుకల మీద చేసే ల్యాబ్ చూసుకో, పేపర్లు త్వరగా వస్తాయంటున్నారు. ఎటు వెళ్లాలి?" ఇదీ మీరడిగింది.

మీ నాన్నగారు వెక్కిరింపుగా అన్నారో మామూలుగా అన్నారో గానీ, ఈ రంగంలో అసలు ప్రశ్న అదే. కోడికి జబ్బు ఎందుకు రావడం లేదు? నేను తిరుపతిలో వెటర్నరీ చదివి, చాలా ఏళ్లుగా బెంగళూరులో కోళ్ల బ్యాక్టీరియాతోనే బతుకుతున్నాను. కాబట్టి నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నా, నేను కోడి వైపే. అలాగని ఎలుకను తీసిపారేయను, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

సాల్మొనెల్లా టైఫిమ్యూరియం తీసుకోండి. మనిషి కడుపులోకి వెళ్తే నాలుగు రోజులు వాంతులు, విరేచనాలు, జ్వరం, తర్వాత చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. అదే మామూలు ల్యాబ్ ఎలుకకు తాగిస్తే విరేచనాలు కావు. బ్యాక్టీరియా పేగు దాటి కాలేయానికీ ప్లీహానికీ పాకి ఎలుకను చంపేస్తుంది. అదే పెద్ద కోడికి పెడితే ఏమీ అయినట్టుండదు. సీకమ్‌లో (పేగు పక్కనుండే సంచిలో) కూర్చుని వారాల తరబడి రెట్టలో బయటికొస్తూ ఉంటుంది. అప్పుడే పొదిగిన పిల్లకు పెడితే మాత్రం చచ్చిపోవచ్చు. బ్యాక్టీరియా ఒక్కటే, జన్యువులు అవే. తేడా అంతా అది చేరిన ఒంట్లో ఉంది. బ్యాక్టీరియాను మాత్రమే చదివితే ఈ మూడింట్లో ఏది జరుగుతుందో చెప్పలేం. మీ టాపిక్‌లో బలం ఇక్కడే ఉంది.

"జబ్బు లేదు" అంటే "ఒళ్లు ఊరుకుంది" అని అర్థం కాదు. సాల్మొనెల్లా పెట్టిన కొన్ని గంటలకే కోడిపిల్ల పేగు గోడలోకి హెటెరోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి. మనలో న్యూట్రోఫిల్స్ చేసే పని కోడిలో ఇవి చేస్తాయి, కానీ వీటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉండదు. కోడిలో చీము నీళ్లలా కారకపోవడానికి కారణం కూడా ఈ కణాల ఎంజైముల్లోని తేడాయే. మీ నాన్నగారిని అడగండి, చచ్చిన కోడిని కోసినప్పుడు లోపల పసుపుపచ్చగా, జున్నుముక్కలా గట్టిపడ్డ పదార్థం చూసే ఉంటారు. అదే కోడి చీము. ఈ ప్రతిస్పందన బ్యాక్టీరియాను పేగు దాటనివ్వకుండా చాలావరకు ఆపుతుంది, కానీ పేగులోంచి తరిమేయదు. కోడికి అంతే చాలు. మనకే అది చాలదు, ఎందుకంటే ఆ కోడి పలమనేరు, కోలారు, హోస్కోటె దాటి బెంగళూరు వంటింట్లోకి వస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. సాల్మొనెల్లా గ్యాలినారం, పుల్లోరం అనే రెండు రకాలు కోళ్లకే ప్రత్యేకం. మొదటిది ఫౌల్ టైఫాయిడ్ తెస్తుంది, పెద్ద కోళ్లను కూడా చంపుతుంది. రెండోది కోడిపిల్లల్లో తెల్లపారుడు తెస్తుంది. ఈ రెండింటికీ ఫ్లాజెల్లా (ఈదడానికి పనికొచ్చే తోకలు) లేవు, కదల్లేవు. టైఫిమ్యూరియం, ఎంటరైటిడిస్‌లకు ఫ్లాజెల్లా ఉన్నాయి, ఈదుతాయి. ఈదగలిగేవే ప్రమాదకరం అనుకుంటాం, కోడి విషయంలో జరిగేది దానికి తలకిందులు. కోడి పేగు కణాల మీదుండే టోల్-లైక్ రిసెప్టర్ 5 ఫ్లాజెల్లాలోని ప్రోటీన్ని గుర్తుపట్టి వెంటనే వాపు మొదలుపెడుతుంది, కాబట్టి ఫ్లాజెల్లా ఉన్నవి ఎక్కువగా పేగుకే పరిమితమవుతాయి. ఫ్లాజెల్లా లేనివి పేగులో పెద్దగా అలికిడి చేయకుండా దాటిపోయి, మాక్రోఫేజ్‌లలో (బ్యాక్టీరియాను మింగే ఇమ్యూన్ కణాల్లో) చేరి ప్లీహానికి వెళ్తాయి. అక్కడ తేలేసరికి కోడి పని అయిపోతుంది. ఫ్లాజెల్లా ఒక్కటే కారణమని నేను అనను, వేరే జన్యువులూ ఉన్నాయి. కానీ ఒళ్లు ముందుగా మేలుకోవడం కోడికి ఎంత మేలు చేస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

పుల్లోరం ఇంకా గడుసుది. పిల్లగా ఉన్నప్పుడు సోకి బతికి బయటపడ్డ పెట్టలో అది ప్లీహం మాక్రోఫేజ్‌లలో నెలల తరబడి నక్కి ఉంటుంది. పెట్ట గుడ్లకు వచ్చే వయసులో హార్మోన్లు మారి టీ-కణాలనే ఇమ్యూన్ కణాల పట్టు సడలుతుంది. సరిగ్గా అప్పుడే లేచి గుడ్డు తయారయ్యే చోటికి పాకి, తర్వాతి తరం పిల్లల్లోకి పోతుంది. ఇలాంటి సంగతి ఎలుకలో ఎన్నేళ్లు వెతికినా దొరకదు, ఎలుక గుడ్లు పెట్టదు మరి.

ఇంకో లెక్క చూడండి. మన బ్రాయిలర్ జీవితమంతా కలిపి 35 నుంచి 42 రోజులు. సీకమ్‌లోంచి సాల్మొనెల్లాను పూర్తిగా తుడిచిపెట్టే పని ముఖ్యంగా టీ-కణాలది, అవి ముదిరి ఆ పని పూర్తిచేయడానికి చాలా వారాలు పడుతుంది. అంటే కోడి ఇమ్యూనిటీ పనిచేయడం మొదలుపెట్టేసరికి లారీ వచ్చేస్తుంది. గుడ్ల కోసం పెంచే లేయర్ కోడికి ఏడాదికి పైగా టైముంటుంది కాబట్టి దాని కథ వేరు, వ్యాక్సిన్ లెక్కలూ వేరు. మీ గైడ్ "కోళ్లు" అని ఊరికే అన్నారంటే, బ్రాయిలరా లేయరా అని ముందే తేల్చుకోండి. ఆ రెండూ రెండు వేర్వేరు పీహెచ్‌డీలు.

కోడి మీద పని చేస్తే ఎవరు పట్టించుకుంటారన్న బెంగ మీ ఫ్రెండ్స్‌కుంటే ఈ కథ చెప్పండి. 1950ల్లో అమెరికాలో ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోళ్ల మలద్వారం పైన ఉండే చిన్న సంచి ఎందుకుందో తేల్చాలని, పిల్లల్లో దాన్ని కోసి తీసేస్తుండేవాడు. ఆ సంచి పేరు బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్. ఒక రోజు తోటి విద్యార్థి తిమోతీ చాంగ్‌కు క్లాసులో యాంటీబాడీలు ఎలా తయారవుతాయో చూపించడానికి కోళ్లు కావాల్సి వచ్చి, గ్లిక్ దగ్గరున్నవి తీసుకెళ్లి సాల్మొనెల్లా యాంటిజెన్ ఇచ్చాడు. కొన్ని కోళ్లలో యాంటీబాడీలే రాలేదు. కాలి ట్యాగులు చూస్తే అవన్నీ బర్సా తీసేసిన కోళ్లు. పేరున్న పత్రిక ఆ పేపర్ని తిప్పి పంపిస్తే, 1956లో పౌల్ట్రీ సైన్స్ అనే కోళ్ల పత్రికలో వేసుకున్నారు. తర్వాత 1965లో మాక్స్ కూపర్ బృందం బర్సా నుంచి వచ్చే కణాలు వేరు, థైమస్ గ్రంథి నుంచి వచ్చే కణాలు వేరు అని తేల్చింది. ఈరోజు ప్రపంచంలో ప్రతి వైద్య విద్యార్థీ చదివే, యాంటీబాడీలు తయారుచేసే బీ-కణంలో 'బీ' ఆ బర్సాదే. మనకు బర్సా లేదు, మన బీ-కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి, అయినా పేరు మాత్రం కోడిదే నిలిచింది.

బర్సా మీ నాన్నగారికి కొత్తేమీ కాదు. రెండో వారంలో నీళ్లలో కలిపి ఇచ్చే గంబోరో వ్యాక్సిన్ దీని కోసమే. గంబోరో వైరస్ నేరుగా బర్సాలో ఎదుగుతున్న బీ-కణాల మీద పడుతుంది. జబ్బు తగిలిన పిల్లను డాక్టర్ కోసినప్పుడు బర్సా వాచి, పైన పసుపుపచ్చ జిగురు పొర కనిపిస్తుంది. కొన్నాళ్లకు అది కుంచించుకుపోతుంది. బతికిన కోడి పైకి బాగానే ఉంటుంది గానీ తర్వాత వేసిన కొక్కెర తెగులు టీకా సరిగా పట్టదు. "టీకా వేశాం, అయినా తెగులొచ్చింది, మందు నకిలీది" అని రైతులు తిట్టుకునే కేసుల్లో కొన్ని ఇవే. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి, ఇమ్యూనిటీ చదువు ఎందుకో ఆయనకు నాకన్నా బాగా అర్థమవుతుంది.

ఇక ఎలుక. దాని గొప్పతనం ఏమిటంటే జన్యువుల్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు, ఏ కణానికైనా యాంటీబాడీ కొనుక్కోవచ్చు, కేటలాగ్‌లు నిండా ఉంటాయి. బెంగళూరులోనే ఐఐఎస్సీలో దీప్‌శిఖా చక్రవర్తి బృందం ఏళ్లుగా సాల్మొనెల్లా కణంలోపల ఎలా బతుకుతుందో చదువుతోంది. అలాంటి ప్రశ్నలకు ఎలుకా, దాని మాక్రోఫేజ్‌లూ సరైన చోటు. కానీ ఎలుకను గుడ్డిగా నమ్మకూడదు. అందరూ వాడే సీ57 బ్లాక్ 6, బాల్బ్-సీ ఎలుకలు రెండింటికీ ఎన్‌ర్యాంప్1 అనే ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారి, అది పనిచేయదు. సాల్మొనెల్లాకు అవి అంత తేలిగ్గా లొంగడానికి పెద్ద కారణం ఇదే. లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా సంగతి ఇంకా విచిత్రం. అది పేగు గోడలోకి దూరడానికి మన ఇ-క్యాడెరిన్ అనే ప్రోటీన్ని పట్టుకుంటుంది. ఎలుక ఇ-క్యాడెరిన్‌లో 16వ స్థానంలో ప్రోలిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉంది, పట్టు దొరకదు. 1999లో ఈ సంగతి తేలేదాకా ఎలుకలకు లిస్టీరియా తినిపించి, ఇన్ఫెక్షన్ సరిగా రావడం లేదని తలలు పట్టుకున్నవాళ్లు చాలామంది. అలాగని లిస్టీరియాను రక్తంలోకి ఎక్కించి ఎలుకల్లో చేసిన పని వృథా కాలేదు. 1962లో మాకనెస్ సెల్యులర్ ఇమ్యూనిటీకి పునాది వేసింది దాంతోనే. అడిగే ప్రశ్నను బట్టి జంతువుండాలి, అంతే. జంతువు దొరికింది కదా అని ప్రశ్నను వంచితే రివ్యూలో దొరికిపోతారు.

మీరు టెస్టింగ్ ల్యాబ్‌లో ఉన్నారు కాబట్టి ఒకటి మీ చేతుల్లోంచే చూపిస్తాను. 25 గ్రాముల చికెన్‌ని 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు రెండు బ్రాత్‌లలోకి మారుస్తారు కదా. అందులో ఒకటి టెట్రాథయోనేట్ బ్రాత్, అడుగున తెల్లగా చాక్‌పొడి పేరుకుని ఉండేది. వాడే ముందు అయోడిన్ కలుపుతారు, అప్పుడు థయోసల్ఫేట్ టెట్రాథయోనేట్‌గా మారుతుంది, దాన్ని వాడుకుని సాల్మొనెల్లా మిగతా వాటికన్నా ముందుకు దూసుకెళ్తుంది. 1923లో ముల్లర్ ఈ బ్రాత్ తయారుచేశాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడుతూనే ఉంది. సాల్మొనెల్లాకు ఈ విద్య అసలెందుకుందో మాత్రం 2010 దాకా తేలలేదు. ఆ ఏడాది సెబాస్టియన్ వింటర్, ఆండ్రియాస్ బాయిమ్లర్ బృందం చూపించింది: పేగు వాచినప్పుడు మన తెల్లరక్తకణాలు వదిలే ఆక్సిజన్ రాడికల్స్ వల్ల పేగులోని థయోసల్ఫేట్ టెట్రాథయోనేట్‌గా మారుతుంది. ఆక్సిజన్ లేని చోట సాల్మొనెల్లా దాన్ని పట్టుకుని శ్వాసిస్తుంది. పక్కనున్న మంచి బ్యాక్టీరియాలో చాలావాటికి ఆ విద్య లేదు, వెనకబడిపోతాయి. అంటే సాల్మొనెల్లా కావాలనే వాపు తెప్పించి, ఆ వాపు మీదే బతుకుతోంది. మీరు సీసాలో అయోడిన్‌తో చేసేది ఇమ్యూన్ కణాలు పేగులో చేస్తున్నాయి. సాల్మొనెల్లాను గుర్తుపట్టే ఎక్స్ఎల్‌డీ ప్లేట్ మీద ఎర్రటి కాలనీ మధ్యలో నల్లచుక్క కనబడినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకొస్తే, మీరు రీసెర్చ్‌కి పనికొస్తారని నా లెక్క. ఆ పని కూడా ఎలుకల్లోనే జరిగింది. ముందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి పేగు ఖాళీ చేస్తే ఎలుకకూ పేగు వాపు వస్తుందని 2003లో తేలాక, ఇలాంటి ప్రశ్నలకు దారి దొరికింది.

కోడి పేగులోనే ఉండే క్యాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా గురించి కూడా ఆలోచించండి. మన దగ్గర దీని మీద పని తక్కువ, అవసరం ఎక్కువ. పెంచడం తలనొప్పి: 42 డిగ్రీలు, 5 శాతం ఆక్సిజన్, బొగ్గు కలిపిన నల్లటి ప్లేట్లు, గాలిలో కాసేపు మరిచిపోతే చచ్చిపోతుంది. కోడి ఒంటి వేడి దానికి సరిగ్గా సరిపోతుంది, గ్రాము సీకమ్ పదార్థంలో కోట్లలో ఉంటుంది. మనిషికి మాత్రం కొన్ని వందలు చాలు. 1981లో రాబిన్సన్ అనే బ్రిటన్ డాక్టర్ పాలలో 500 కలుపుకుని తానే తాగి జబ్బుపడి, ఆ సంగతి పేపర్‌గా రాశాడు (ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు). దీని ఫ్లాజెల్లాను టోల్-లైక్ రిసెప్టర్ 5 గుర్తుపట్టలేదు. దాని పైపొర చక్కెరలు కొన్ని మన నరాల మీదుండే గ్యాంగ్లియోసైడ్‌లను పోలి ఉండటంతో, కొద్దిమందిలో యాంటీబాడీలు సొంత నరాల మీదే పడి గియాన్-బారే అనే నరాల జబ్బు వస్తుంది. కోడిలో ఇది హాని చేయదనే అనుకునేవారు. 2014లో లివర్‌పూల్ బృందం కొన్ని బ్రాయిలర్ జాతుల్లో ఇది వాపు తెస్తుందనీ, పేగు దెబ్బతిని పారుడుతో కాళ్లకు పుండ్లు పడతాయనీ చూపించింది. "జబ్బు లేని కోడి" అన్న మాటనే ఇంకోసారి చూడాల్సి వచ్చింది.

ఉపయోగం ఏమిటంటారా? 2019లో మన కేంద్రం పశువులు, కోళ్ల మేతలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మిగతా యాంటీబయాటిక్స్‌కీ దారులు మూసుకుంటున్నాయి, మూసుకోవాలి కూడా. మందు తీసేస్తే మిగిలేది కోడి సొంత బలమే. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రాంతాలా పెద్ద కోడి సీకమ్ పదార్థాన్ని అప్పుడే పుట్టిన కోడిపిల్లలకు తాగిస్తే సాల్మొనెల్లా అంటుకోవడం తగ్గిందని చూపించారు. మిషన్‌లో పొదిగిన పిల్ల తల్లిని చూడదు, పేగులోకి మంచి బ్యాక్టీరియా ఆలస్యంగా వస్తుంది. నాటుకోడి పిల్లకు ఆ ఇబ్బంది లేదు. బ్రిటన్‌లో 1998 నుంచి లయన్ ముద్ర గుడ్ల పథకంలో పెట్టలకు సాల్మొనెల్లా టీకా వేస్తున్నారు. 2017కల్లా గర్భిణులు కూడా ఆ గుడ్లను పచ్చసొన ఉడక్కుండా తినొచ్చని వాళ్ల ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ చెప్పగలిగింది. అది వాళ్ల గుడ్ల సంగతి. ఇక్కడ మీ పీజీ పక్కన బండి మీద వేసే హాఫ్ బాయిల్‌కి ఆ హామీ లేదు, పచ్చసొన గట్టిపడేదాకా కాల్చమనండి.

పనిలో పని, ఇంట్లో వచ్చే అనుమానం ఒకటి. ఎవరికైనా టైఫాయిడ్ అనగానే కోడి మానేయమంటారు. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి మనుషుల్లో మాత్రమే ఉంటుంది, కోడి దగ్గర దొరకదు, నీళ్లు చూసుకోవాలి. పైగా ఒక్క విడాల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం నాకసలు నచ్చదు. చికెన్ కడగొద్దని చెబితే మన ఇళ్లలో ఎవరూ వినరు, ఉప్పూ పసుపూ వేసి కడగాల్సిందే. సరే, గిన్నెలో మెల్లగా కడగండి, కుళాయి ధార కింద పెట్టి చిందించకండి, ఆ కత్తిపీటతోనే కొత్తిమీర కోయకండి.

ఇక కష్టాలు దాచను. కోడి మీద పనికి ఎలుకకున్నంత సరుకు దొరకదు. కోడి కణాల యాంటీబాడీలు కొద్ది కంపెనీల దగ్గరే, ఖరీదూ ఎక్కువ, దిగుమతికి నెలలు పడుతుంది. అందుకే చాలామంది క్యూపీసీఆర్ అనే టెస్టుతో సైటోకైన్ (ఇమ్యూన్ కణాలు పంపే సంకేతాల) జన్యువులు ఎంత పలికాయో కొలిచి సరిపెట్టుకుంటారు. జన్యువు పలికింది కదా అని ప్రోటీన్ వచ్చినట్టు రాసేయకండి. హ్యాచరీ పిల్లలు ల్యాబ్‌కొచ్చేసరికే సాల్మొనెల్లాతో రావచ్చు, తల్లి నుంచి పచ్చసొనలో వచ్చిన యాంటీబాడీలూ ఉంటాయి. పిల్లలు దిగగానే పెట్టె అడుగున పరిచిన కాగితాన్ని పారేయకుండా, రెట్ట అంటిన చోట్లు కత్తిరించి కల్చర్ పెట్టండి. అందులో సాల్మొనెల్లా వస్తే ఆ బ్యాచ్ మీ ప్రయోగానికి పనికిరాదు. రెట్ట శాంపిల్ తీసేటప్పుడు కూడా మామూలు రెట్ట వేరు, సీకమ్ నుంచి వచ్చే ముదురు గోధుమరంగు జిగురు రెట్ట వేరు. కల్చర్‌కి కావాల్సింది రెండోది. పల్లె పిల్లలు దీన్ని చూడగానే పట్టేస్తారు, సిటీ పిల్లలకు నేర్పడానికి టైం పడుతుంది. ఆ విషయంలో మీరు ముందే ఉన్నారు.

చోటు విషయానికొస్తే, బెంగళూరులో హెబ్బాళ వెటర్నరీ కాలేజీ, యలహంకలో పశువుల జబ్బుల మీద పనిచేసే జాతీయ సంస్థ నివేది ఉన్నాయి. చెన్నై వెళ్లగలిగితే వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ (1903లో మొదలైంది), మాధవరంలో వెటర్నరీ యూనివర్సిటీ ఉన్నాయి. మీది వెటర్నరీ డిగ్రీ కాదు కాబట్టి కొన్ని చోట్ల ప్రవేశ నిబంధనలు అడ్డొస్తాయి, దరఖాస్తుకు ముందే చూసుకోండి. కోళ్లను కోసే పనికి పక్కన ఒక వెటర్నరీ డాక్టర్ ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి.

సీటుకు ఒప్పుకునే ముందు గైడ్‌ని మొహమాటం లేకుండా నాలుగు సంగతులు అడగండి. ఇన్ఫెక్షన్ పెట్టిన కోళ్లను ఉంచే బయోసేఫ్టీ షెడ్డు సొంతమా, వేరే డిపార్ట్‌మెంట్‌దా? యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి ఇప్పటికే ఉందా, మీరు చేరాక మొదలుపెడతారా? ఆదివారాలు, సంక్రాంతి రోజుల్లో మేత, నీళ్లు ఎవరు చూస్తారు? కిందటి విద్యార్థి ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారు? మూడో దానికి "మీరే చూసుకోవాలి" అని జవాబొస్తే కంగారుపడకండి, దాదాపు అన్నిచోట్లా అంతే. రెండో దానికి "చూద్దాం" అంటే మాత్రం, అనుమతి చేతికొచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగం వదలకండి.